చిరునామా గడి

రోజూ ఉదయం ఐదున్నరకి సెన్యాంగ్ అక్క కాఫీ గ్లాసు పట్టుకుని ఒడ్డు వెంబడి నడుస్తుంది. ఆరోగ్యం కోసం కాదు. ఏ పడవలు వేటకి వెళ్ళాయో, ఏవి ఒడ్డునే ఉన్నాయో చూసుకుంటుంది. పడవ కనబడకపోతే ఆ ఇంట్లో మగవాడు లేడన్నమాట. నైరుతి గాలి లేచి మూడు రోజులు వరసగా పడవలన్నీ ఇసక మీదే ఉంటే, ఆవిడకి కాఫీ సగంలోనే సయించదు. ఆ వారం తన బల్ల దగ్గరికి ఎవరో ఒకరు వస్తారు.

కాగితాల మీద ఆవిడ పేరు క్రెసెన్సియా బాల్బోన్. బొహోల్ దీవి ఉత్తర తీరంలో మాది బగాంబయన్ అనే ఊరు. ఊరి ఆఫీసులో, మేం కెప్టెన్ అని పిలిచే ఊరిపెద్ద గది పక్కన, పూల కర్టెన్ కట్టిన మూలలో ఒక బల్ల ఉంది. మొగుళ్ళ చేతుల్లో దెబ్బలు తిన్న ఆడవాళ్ళు వచ్చి చెప్పుకునే బల్ల. చట్టం ప్రకారం ప్రతి ఊళ్ళోనూ ఉండాలి. అది మా ఊరికి వచ్చినప్పుడు దాని వెనక ఎవరిని కూర్చోబెట్టాలా అని ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. సెన్యాంగ్ బడిలో గుమస్తాగా చేసి మానేసింది. చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది కాబట్టి మధ్యాహ్నం వంటకి పరుగెత్తే పని లేదు. ఆ మూడూ సరిపోయాయి.

ఆవిడ మహా పిరికిది. కుక్కలంటే భయం, ఉరుములంటే భయం. చేపలు పట్టే ఊళ్ళో పుట్టి ఈత నేర్చుకోలేదు కాబట్టి నడుం లోతు నీళ్ళన్నా భయమే. ఇలాంటి మనిషి ఆ పని ఎలా చేస్తోందని నేనొకసారి అడిగాను. వచ్చేవాళ్ళూ భయపడుతూనే వస్తారు కదా, ఇద్దరం కలిసి భయపడతాం అంది.

మాలో ఒక పద్ధతి ఉంది. ఇరుగుపొరుగు తగాదా పడితే కెప్టెన్ ఇద్దరినీ పిలిపిస్తాడు. బల్ల మీద రొట్టెలు, చల్లటి సోడాలు పెడతారు. ఒకే పొట్లంలోంచి తిని, చేతులు కలిపి, పుస్తకంలో సంతకం పెట్టి వెళ్తారు. కంచె గొడవకైనా, కోడిపుంజు గొడవకైనా అదే. పెళ్ళాన్ని కొట్టిన చోట మాత్రం రాజీ కుదర్చకూడదని చట్టం. పట్నంలో శిక్షణకి వెళ్ళినప్పుడు ఆ మాట సెన్యాంగ్‌కి మూడుసార్లు చెప్పి పంపారు. కానీ మా కెప్టెన్ ఉర్బానోకి రొట్టెలు, సోడాల మీద ఉన్న నమ్మకం చట్టం మీద లేదు. మొగుడూ పెళ్ళాలకైతే పెళ్ళినాడు పక్కన నిలబడిన జ్ఞానతల్లి కూడా వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పాలి. మా ఊరి దిండో, రిజాలిన్‌ల పెళ్ళిలో అలా నిలబడింది సెన్యాంగే. దిండో ఆవిడని నినాంగ్ అని పిలుస్తాడు, జ్ఞానతల్లిని మేమంతా పిలిచేటట్టే.

మొదటిసారి రిజాలిన్ పెదవి చిట్లి వచ్చినప్పుడు రొట్టెలు తెప్పించారు. దిండో అందరి ముందూ ఏడ్చాడు. సెన్యాంగ్ నాలుగు మంచిమాటలు చెప్పింది. రెండోసారి మణికట్టు విరిగింది. అప్పుడూ తెప్పించారు. కట్టు ఉన్న చేత్తో రిజాలిన్ సోడా సీసా పట్టుకోలేకపోతే దిండోనే ఆమె నోటికి అందించాడట. అది చూసి కెప్టెన్ భార్య కళ్ళు తుడుచుకుందట. సెన్యాంగ్ మాత్రం ఆ రాత్రి అన్నం తినలేదు. రిజాలిన్ ఆ సోడా ఎలా తాగిందో తాను దగ్గరగా చూసింది. సీసా మీద కాదు, అతని చేతి మీద చూపు పెట్టి తాగింది.

మూడోసారి ఆగస్టులో. నాలుగు రోజులుగా పడవలు కదల్లేదు. రిజాలిన్ ఎనిమిది నెలల పాపని చంకనేసుకుని ముందు ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది. అక్కడి మంత్రసాని మెడ మీది వేళ్ళ గుర్తులు చూసి, ఒక్క మాటా అడక్కుండా, తనే వెంటబెట్టుకుని బల్ల దగ్గరికి తీసుకొచ్చింది. రిజాలిన్ గొంతు బొంగురుపోయి ఉంది.

"ఇల్లు దాటితే ఎక్కడున్నా వెతికి చంపుతానన్నాడు అక్కా. అరిచి చెప్పలేదు. పాపకి ఉగ్గు పెడుతూ చెప్పాడు."

ఈసారి రొట్టెల మాట వద్దని సెన్యాంగ్ కెప్టెన్‌కి చెప్పింది. ఆవిడ ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. చెబుతున్నంతసేపూ నేల వైపే చూసింది. ఆయన విసుక్కున్నాడు, కానీ మంత్రసాని చేతులు కట్టుకుని గుమ్మంలోనే నిలబడింది కాబట్టి సరే కానివ్వమన్నాడు. ఆ సాయంత్రమే రిజాలిన్నీ పాపనీ గుల్లలేరుకునే ఆడవాళ్ళు తమ తెడ్ల పడవలో ఊరికెదురుగా సముద్రంలో ఉన్న పునాసన్ దిబ్బకి చేర్చారు. రిజాలిన్ వాళ్ళక్క గ్లెసిల్ అక్కడుంటుంది. ఊళ్ళో అడిగినవాళ్ళకి పట్నం వెళ్ళిందని చెప్పారు.

తర్వాత సెన్యాంగ్ కూర్చుని రక్షణ ఉత్తర్వు రాసింది. పదిహేను రోజుల పాటు దిండో ఆమె మీద చెయ్యి చేసుకోకూడదు, బెదిరించకూడదు అని దాని సారాంశం. మొదటి పేజీలో వివరాల గడులుంటాయి. గడి ఖాళీగా ఉందని పట్నం ఆఫీసు వాళ్ళు అంతకు ముందు రెండు ఫారాలు తిప్పి పంపారు. బడిలో పనిచేసిన రోజుల నుంచీ తిప్పి పంపిన కాగితమంటే ఆవిడకి తల కొట్టేసినట్టుంటుంది. అందుకని ఈసారి ఒక్క గడీ వదలకుండా, కింద కార్బన్ పెట్టి, గట్టిగా నొక్కి రాసింది. కెప్టెన్ చదవకుండానే సంతకం పెట్టాడు.

మర్నాడు పొద్దున్నే కాపలా మనిషి తిబోయ్‌ని తోడు తీసుకుని దిండో ఇంటికి వెళ్ళింది. తిబోయ్ అరవై దాటిన మనిషి, ఒక మోకాలు వంగదు. దిండో వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. ఆవిడని చూసి లేచాడు. పెద్దవాళ్ళకి చేసేటట్టు ఆవిడ చెయ్యి అందుకుని తన నుదుటికి ఆనించుకున్నాడు. కుర్చీ తెచ్చి వేశాడు. కాఫీ తాగుతారా అని అడిగాడు. ఆవిడ కాగితం ఇచ్చింది. అతను చూపుడు వేలు కింద పెట్టుకుని నెమ్మదిగా చదివాడు. ఒకచోట వేలు ఆగింది. చదవడం కష్టమై ఆగాడనుకుంది సెన్యాంగ్. అతను కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సరే నినాంగ్. మీరు చెప్పాక కాదంటానా."

దారిలో తిబోయ్, కుర్రాడు బుద్ధిగా తీసుకున్నాడే, మనమే అనవసరంగా భయపడ్డాం అన్నాడు. ఆవిడకి మాత్రం చేతి మీద అతని నుదుటి చెమట తడి అలాగే ఉన్నట్టనిపించింది. గౌనుకి రెండుసార్లు తుడుచుకుంది.

ఆఫీసుకొచ్చి నకలుని ఫైల్లో పెట్టబోతూ, అలవాటు కొద్దీ అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసింది. నాలుగో వరస దగ్గర చూపు ఆగిపోయింది. ఫిర్యాదుదారు ప్రస్తుత నివాసం అన్న గడిలో తన ముత్యాల్లాంటి అక్షరాలు. గ్లెసిల్ ఇల్లు, ప్రార్థన మందిరం వెనక, పునాసన్ దిబ్బ.

ఆడమనిషి ఎక్కడుందో మగవాడికి తెలియనివ్వకూడదని శిక్షణలో చెప్పారు. ఆవిడకి అది తెలుసు. ఊళ్ళో ఎవరడిగినా నోరు విప్పలేదు కూడా. కానీ ఫారం ముందుకొచ్చేసరికి అది ఆవిడకి ఫారంలాగే కనిపించింది. గడి ఉంది, నింపింది.

ఆవిడ ఒడ్డుకి పరుగెత్తింది. దిండో పడవ ఇంకా ఇసక మీదే ఉంది. అతను డబ్బా పట్టుకుని పెట్రోలు కొట్టు వైపు నడుస్తున్నాడు. తొందర లేని నడక.

గ్లెసిల్‌కి ఫోన్ చేసింది. మోగలేదు. దిబ్బలో కరెంటు సాయంత్రం ఆరింటికి జనరేటర్ వేస్తేనే, పగలు ఫోన్లన్నీ చచ్చి పడుంటాయి. పట్నం పోలీసు స్టేషన్లో ఆడవాళ్ళ కేసులు చూసే పోలీసమ్మకి చేసింది. ఆమె వెంటనే బయల్దేరుతున్నామంది, కానీ పడవ దొరకబుచ్చుకుని రావాలి, పదకొండైనా అవుతుంది, మీరొక్కరూ వెళ్ళకండి అంది. మీటింగ్‌కి వెళ్ళిన కెప్టెన్‌కి చేసింది. ఆయన వెనక ఎవరో మైకులో మాట్లాడుతున్నారు.

"అమ్మా సెన్యాంగ్, వాడికి బిడ్డని చూసుకోవాలని ఉండదా? వెళ్ళి చూసొస్తాడు. నువ్వు చీమని చూసి కూడా ఏనుగంటావు."

ఇంజను పడవలున్న మగవాళ్ళని ముగ్గుర్ని అడిగింది. ఒకడు ఇంజను బాగాలేదన్నాడు. ఒకడు నీరు తీస్తోంది, అడుగు రాళ్ళకి తగులుతుందన్నాడు. మూడోవాడు దిండోకి పెదనాన్న కొడుకు. అతను వల మీంచి తల ఎత్తకుండా, మొగుడూ పెళ్ళాల మధ్యకి వెళ్ళిన వాళ్ళెవరూ బాగుపడలేదు వదినా, పైగా మీరు వాడికి జ్ఞానతల్లి కదా అన్నాడు.

అప్పటికి ఎనిమిది దాటింది. సముద్రం వెనక్కి పోయి మడ చెట్ల వేళ్ళు బయటపడుతున్నాయి. గుల్లలేరే ఆడవాళ్ళు ఆరేడుగురు బక్కెట్లతో దిగుతున్నారు. నీరు తీసినప్పుడు మా ఒడ్డు నుంచి దిబ్బ దాకా సముద్రపు గడ్డి మొలిచిన ఇసక మేటల మీదుగా నడిచి పోవచ్చు, కాకపోతే దారి తెలియాలి. అది ఆ ఆడవాళ్ళకే తెలుసు. పడవకి ఆ మేటల మీద నీళ్ళు చాలవు, దిబ్బ చుట్టూ ఉన్న లోతు కాలవలోంచి తిరిగి రావాలి.

వాళ్ళకి పెద్ద పసింగ్ అవ్వ. సెన్యాంగ్ ఆమె ముందు నిలబడి ఉన్న మాట చెప్పింది. తప్పు తనదేననీ, ఎక్కడ దాచారో తన చేత్తోనే రాసి ఇచ్చాననీ చెప్పింది. మిగతా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంత చదువు చదివి ఇదా నువ్వు చేసింది," అంది పసింగ్ అవ్వ. "చెప్పులు విప్పు. నేను పెట్టిన చోటే అడుగు పెట్టు. పడితే లేపడానికి ఆగను."

తిబోయ్ ఒడ్డునే ఉండి దిండోని మాటల్లో పెడతానన్నాడు. అది తప్ప తన మోకాలితో ఏమీ కాదన్నాడు.

నడిచింది గంటకి తక్కువే. సెన్యాంగ్‌కి మాత్రం ఆ దూరం తరగలేదు. గడ్డి కాళ్ళకి చుట్టుకుంటుంది. నల్ల ముళ్ళ గుల్లలు గుంపులు గుంపులుగా ఉంటాయి, తొక్కితే ముల్లు విరిగి లోపలే ఉండిపోతుంది. మధ్యలో ఒక పాయ దాటాలి. అక్కడ నీళ్ళు నడుం పైకి వచ్చాయి. ఆవిడ ఆగిపోయింది. పసింగ్ అవ్వ వెనక్కి తిరక్కుండా, ఆ పిల్లకి ఈతొచ్చు గానీ పారిపోవడానికి చోటు లేదు, నీకు చోటుంది గానీ ఈత రాదు, ఇద్దరిలో ఎవరి పని నయం అని అడిగింది. వెనకున్న ఒకావిడ సెన్యాంగ్ నడుం పట్టుకుని ముందుకి తోసింది. పాయ దాటాక ఇంజను చప్పుడు వినిపించింది. దూరంగా, మేట అంచు అవతల, నీలం రంగు పడవ ఒకటి కాలవ వైపు తిరుగుతోంది. ఎవరిదో ఎవరూ అనలేదు. అందరూ నడక పెంచారు.

పునాసన్ దిబ్బ అంటే అరవై ఇళ్ళు, ఒక ప్రార్థన మందిరం, ఒక వాన నీళ్ళ తొట్టి. ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర వినబడుతుంది. రిజాలిన్ తొట్టి దగ్గర పాప బట్టలు పిండుతోంది. సెన్యాంగ్‌ని చూడగానే ఆమెకి అర్థమైంది. చేతిలో తడి బట్ట అలాగే ఉంది. ఎక్కడికి పోవాలి అని అడిగింది. గ్లెసిల్ మంచం కింద అంది, వెంటనే కాదంది. ఇంజను చప్పుడు దగ్గరవుతోంది.

పసింగ్ అవ్వ తన గుంపులో ఒకావిడ చేత పొడుగు చేతుల చొక్కా విప్పించింది. ఇంకొకావిడ టోపీ తీసి ఇచ్చింది. గుల్లలేరేవాళ్ళు ఎండకి మొహాలకి బట్ట చుట్టుకుంటారు, కళ్ళు తప్ప ఏమీ కనబడదు. రిజాలిన్‌కి అలాగే చుట్టారు. పాపని చొక్కా లోపల రొమ్ముకి పెట్టుకోమన్నారు. చేతికి బక్కెట్టు ఇచ్చారు. చొక్కా, టోపీ ఇచ్చిన ఇద్దరూ గ్లెసిల్ వెంట పొరుగింట్లోకి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు నడుములు వంచి, ఆమెని మధ్యలో పెట్టుకుని, వచ్చిన దారినే మేట మీదికి దిగారు.

ఎవరో ఒకరు ఇక్కడ ఉండాలంది సెన్యాంగ్. ఇల్లు ఖాళీగా కనబడితే అతను వెంటనే వెనక్కి చూస్తాడు. ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని ఆవిడకి తర్వాత గాని తెలియలేదట. గ్లెసిల్ ఇంటి గుమ్మంలో బల్లపీట వేసుకుని కూర్చుంది. తడిసిన గౌను కాళ్ళకి అంటుకుపోయింది.

పడవ ఆగింది. దిండో మోకాలి లోతు నీళ్ళలోకి దిగాడు. గుల్లలేరేవాళ్ళ గుంపు అతనికి ఇరవై అడుగుల దూరంలో ఉంది. అతను వాళ్ళ వైపు చూశాడు. గుమ్మంలోంచి సెన్యాంగ్‌కి అంతా కనబడుతోంది.

"ఏమన్నా దొరికాయా అవ్వా?" అని అరిచాడు.

"నీ పెళ్ళి భోజనంలో ముక్కల్లా ఉన్నాయిరా, వెతికి వెతికి కళ్ళు పోతున్నాయి," అంది పసింగ్ అవ్వ తల ఎత్తకుండా.

అతను నవ్వాడు. గుంపులో మిగతావాళ్ళూ నవ్వారు. వంగిన వీపుల్లో ఒకటి నవ్వలేదు. సెన్యాంగ్‌కి అదే కనిపించింది. అతనికి కూడా కనబడుతుందేమోనని ఊపిరి బిగబట్టింది. అతను తిరిగి ఇంటి వైపు నడిచాడు.

దగ్గరికొచ్చి ఆవిడ చెయ్యి అందుకున్నాడు. నుదుటికి ఆనించుకున్నాడు. వదల్లేదు.

"మీరు నాకంటే ముందే వచ్చారు నినాంగ్. నడిచి వచ్చారా? మీకు నీళ్ళంటే భయం కదా."

అతను జేబులోంచి కాగితం తీసి మడతలు విప్పి ఆవిడ ఒళ్ళో పరిచాడు. నాలుగో వరస మీద వేలు పెట్టాడు.

"మీరే రాశారు కదా. మీ అక్షరాలు ఊళ్ళో ఎవరికి తెలియవు? ఎక్కడుంది?"

తెలియదంది. అతను ఆవిడని పక్కకి జరిపి లోపలికి వెళ్ళాడు. మంచం తిరగబడిన చప్పుడు, గిన్నెలు పడిన చప్పుడు. బయటికొచ్చేసరికి చేతిలో గ్లెసిల్ చేపలు కోసే కత్తి ఉంది. దానితో ఏమీ చేయలేదు. ఆవిడకి ఎదురుగా గొంతుక్కూర్చుని ఇసకలో గీతలు గీశాడు. సాయంత్రం దాకా ఆగగలనన్నాడు. ఈ దిబ్బ చుట్టూ నీళ్ళే కదా, ఎక్కడికి పోతుంది, పొయ్యి రాజేసే వేళకి తనే వస్తుంది, వచ్చాక మీ కళ్ళ ముందే చంపుతాను, మీరు మా పెళ్ళిలో నిలబడ్డారు కాబట్టి అన్నాడు. గొంతు పెంచలేదు, ఆవిడని "మీరు" అనడం మానలేదు.

ఆవిడ అతని భుజం మీంచి మేట వైపు చూడకూడదని చూపుని కాగితానికి కట్టేసుకుంది. తను రాసిన ఆ వరసనే మళ్ళీ మళ్ళీ చదువుకుంది.

కాసేపటికి పక్కింటి ముసలావిడ వచ్చి వాకిట్లో నిలబడింది. తర్వాత గ్లెసిల్, ఆ ఇద్దరు గుల్లలవాళ్ళు. తర్వాత తడి చేతులతో ఇంకొకరు, చంటిబిడ్డతో ఇంకొకరు. పదిహేనుమంది దాకా అయ్యారు. మగవాళ్ళు గోడల నీడల్లో దూరంగా నిలబడ్డారు. ఆడవాళ్ళు దగ్గరికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. దిండో వాళ్ళని పొమ్మన్నాడు. ఒకసారి కత్తి ఊపాడు. అందరూ ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ అక్కడే నిలబడ్డారు. చంపుతానన్న మాట వాళ్ళ ముందు ఇంకో రెండుసార్లు అన్నాడు.

పోలీసుల పడవ పదకొండున్నర దాటాక వచ్చింది. అప్పటికి పోటు మొదలై వాకిట్లోకి నీళ్ళు పారుతున్నాయి. ఆడవాళ్ళు చీలమండల లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. దిండో కత్తి ఇచ్చేశాడు. గుంపు అవతలి ఒడ్డు చేరిందనీ, మంత్రసాని రిజాలిన్నీ పాపనీ బండిలో ఎక్కించుకుని పట్నం వెళ్ళిపోయిందనీ తిబోయ్ ఫోన్ చేసి పోలీసమ్మకి చెప్పాడు. అది విన్నాకే సెన్యాంగ్ గుమ్మం మీంచి లేచింది. లేవలేకపోతే ఇద్దరు పట్టుకున్నారు.

ఆ వారం కెప్టెన్ మళ్ళీ రొట్టెల మాట ఎత్తాడు. పోలీసు కేసు దేనికి, ఊరి పరువు ఊళ్ళోనే ఉండాలి అన్నాడు. సెన్యాంగ్ కోర్టులో సాక్ష్యం చెబుతానంది. చెప్పింది కూడా. ఆ చిరునామా అతనికి ఎలా తెలిసిందని జడ్జి అడిగితే, నేనే రాసిచ్చానని అందరి ముందూ నిలబడి చెప్పింది. గొంతు వినబడక రెండుసార్లు చెప్పించారట. దిబ్బలో ఆడవాళ్ళు తొమ్మిదిమంది వచ్చి సాక్ష్యం చెప్పారు. ఉత్తర్వు మీరినందుకు దిండోకి ముప్పై రోజుల జైలు పడింది. చంపుతానని బెదిరించిన కేసు విడిగా రెండేళ్ళు నడిచి, ఇంకొన్ని నెలలు పడింది. అంతకు మించి పడలేదు.

రిజాలిన్ వేరే దీవికి వెళ్ళేముందు సెన్యాంగ్‌ని చూడటానికి పట్నంలో ఆగింది. ఎక్కడికి వెళ్తున్నానో చెప్పబోయింది. ఆవిడ చెవులు రెండూ మూసుకుని వద్దంది. నవ్వులాటకి చేసిందనుకుని రిజాలిన్ నవ్వింది. ఆవిడ చేతులు తియ్యలేదు.

సెన్యాంగ్ అక్కకి ఈ ఏడు అరవై మూడు. ఇప్పటికీ ఆ బల్ల దగ్గరే పనిచేస్తోంది. రిజాలిన్ ఎక్కడ ఉంటోందో ఆవిడకి తెలియదు.